డాట్ తర్వాతి పేరు

పురానాపూల్, హైదరాబాద్
జూలై 1987

తమ్ముడు సీమోనుకు గుండయ్య ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కవరు కొని అద్దం వెనక దోపి, మరిచిపోయినట్టు నాకు నేనే నటించుకుంటూ తిరిగాను. ఫ్యాక్టరీ పంచింగ్ సెక్షన్‌లో కార్డు ఎటు తిప్పి పట్టుకోవాలో నీకు చూపించినవాణ్ణి నేను. అట్లాంటివాణ్ణి రిటైరయ్యాక నీకే ఉత్తరం రాసి, నాయనా నాకిది చేతకావడం లేదు అనడం గొంతులో ముల్లులాగే ఉంది. కానీ కంప్యూటర్ ముందు ఎవడి పరువు ఎంతసేపు నిలుస్తుంది?

సంగతి ఇది. బేగంబజార్‌లో వైకుంఠం సేఠ్‌ది ఇత్తడి, స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు వైకుంఠం, నడిపివాడు కైలాసం, చిన్నవాడు బాలనర్సింహ. వాళ్ళ నాయన ఏ దేవుణ్ణీ నొప్పించలేక మొదటి ఇద్దరినీ చెరో లోకానికి రాసిచ్చి, మూడోవాడి దగ్గర నరసింహస్వామితో రాజీపడ్డాడని బజారులో చెప్పుకుంటారు. దుకాణం ఒకటే, గోదాము ఒకటే, సరుకులో మాత్రం ముగ్గురివీ వేరువేరు వంతులు. బిందెలు ఎవరివి ఎన్ని, గంగాళాలు ఎవరివి ఎన్ని అని రోజూ లొల్లి. అది తీరుతుందని సేఠ్ కంప్యూటర్ కొన్నాడు. సామాను పేరు, మనిషి పేరు కొడితే అతని వంతు తెర మీద కనపడాలి. ప్రోగ్రాం నేను రాస్తానని ఒప్పుకున్నాను. నేను సీ భాష నేర్చుకున్నది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం దొరికిన పుస్తకం నుంచి. దాని చివరి పేజీలు ఏ బఠానీల పొట్లాలకో పోయినట్టున్నాయి. నాకు కావలసిన ముక్క సరిగ్గా ఆ పేజీల్లోనే ఉందని నా అనుమానం.

మిషన్ ముందు కూర్చునేది సేఠ్ భార్య విమలాదేవి. పెళ్ళికి ముందు టైపు లోయర్ పాసైంది. మధ్యాహ్నం వంట ముగించి పై అంతస్తు నుంచి దిగి వెనక గదిలో కూర్చుంటుంది. ఒకరోజు అన్నది కదా: "పైన ఉంటే నన్ను అడిగేది ఒక్కటే సారూ, కూరేంది అని. ఈడ కూసుంటే సరుకెంత అని అడుగుతరు. ఈ జాగ పోతే నేను మళ్ల కూర కాడికే." కైలాసానికి ఇది ఇష్టం లేదు. కోఠిలో జీతానికి ఆపరేటర్ దొరుకుతాడంటాడు. దీపావళి ముందు సరుకు చూసుకుంటారు. అప్పటికి పని సక్రమంగా నడిస్తే ఆమె అక్కడ ఉంటుంది, నడవకపోతే కోఠివాడు వస్తాడు. సేఠ్ ఈ మాట తమ్ముల ముందే చెప్పాడు.

ఇక నా గోల విను. స్ట్రక్చర్ అంటే పోపులపెట్టె అని ఆమెకు నేనే చెప్పాను. ఒక పెట్టె, లోపల గిన్నెలు, ప్రతి గిన్నెకూ ఒక పేరు. పెట్టె పేరు రాసి, డాట్ పెట్టి, గిన్నె పేరు రాస్తే అందులో ఉన్నది చేతికొస్తుంది. సరుకు డాట్ కైలాసం అంటే కైలాసం వంతు. అంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఆమె కీబోర్డు మీద కైలాసం అని కొట్టింది. కొట్టిన మాటను 'పేరు' అనే చోట దాచాను. దాచి, సరుకు డాట్ పేరు అని రాశాను. సరుకులో పేరు అనే గిన్నె లేదు పొమ్మన్నది, మనం రాసినదాన్ని మిషన్ భాషలోకి మార్చే ఆ కంపైలర్. పేరు అంటే పేరు కాదు తల్లీ, పేరులో ఉన్న పేరు అని దానికి ఎట్లా చెప్పాలి? డాట్ తీసి చూశాను, నక్షత్రం పెట్టి చూశాను, బ్రాకెట్లు తగిలించాను. ఉర్దూలో కూడా తిట్టాను.

చివరికి, వైకుంఠం అని కొడితే ఇది చూపు, కైలాసం అని కొడితే అది చూపు అని ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. చూపడానికి ఒకసారి, కూడడానికి ఒకసారి, దిద్దడానికి ఒకసారి. అంతా అయ్యాక సేఠ్ వచ్చి, "గుండయ్యా, సొట్టవడ్డయి గూడ వేరే చూపియ్యు" అన్నాడు. మళ్ళీ అన్ని చోట్లా తవ్వాను. ఒకచోట మరిచాను. సొట్టలు కనపడుతున్నాయి కానీ కూడికలోకి రావడం లేదు. రేపు ఇంకో గిన్నె అడుగుతాడు, నాకు తెలుసు.

డాట్ తర్వాత, మనిషి అప్పటికప్పుడు కొట్టిన పేరు పెట్టే ఉపాయం నీకు తెలుసా? తెలియకపోతే తెలియదని కార్డు ముక్క మీద రాయి, నాకు కాస్త ఊరటగా ఉంటుంది.

గుండయ్య

*

బెంగళూరు
ఆగస్టు 1987

గుండయ్యన్నకు నమస్కారం.

నీకు ఊరట ఇవ్వలేకపోతున్నందుకు క్షమించు, ఉపాయం నాకు తెలుసు.

డాట్ తర్వాతి పేరు నువ్వు రాసేటప్పుడే ఉండాలి. కంపైలర్ ఆ పేరు చూసి, పెట్టె అంచు నుంచి ఆ గిన్నె ఎంత దూరమో కొలుచుకుని, దూరం ఉంచుకుని పేరు పారేస్తుంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు లోపల పేర్లే ఉండవు. మీ సేఠానమ్మ కొట్టిన కైలాసాన్ని గుర్తుపట్టేవాడు అక్కడ ఎవడూ లేడు. మీ పురానాపూల్ పోస్టుమాన్ సంగతి నువ్వే చెప్పేవాడివి గుర్తుందా? ఎల్లప్ప ఇల్లెక్కడ అంటే చెప్పడు, దర్వాజ దాటినాక నాలుగోది అంటే కళ్ళు మూసుకుని పోతాడు. మిషన్ అచ్చం అట్లాంటిదే.

అందుకని పేర్లను నువ్వే ఒక పట్టికగా రాసి పెట్టుకోవాలి. ఒక్కో వరుసలో ఒక పేరు, దాని పక్కన దూరం. ఆమె కొట్టిన మాటను పట్టికలో వెతుకు. దొరికితే, పెట్టె మొదటి నుంచి అంత దూరం నడిచి అక్కడున్న అంకె తీసుకో. చూపడానికైనా కూడడానికైనా అదే పట్టిక. సేఠ్ ఇంకో గిన్నె అడిగితే ఇంకో వరుస.

నువ్వు ఉత్తరంతో పాటు పంపిన స్ట్రక్చర్‌ను మా ఆఫీసు మిషన్ మీద ఎక్కించి చూశాను. సామాను పేరుకు మిషన్ మెమరీలో ఇరవై గడులు పోతాయి. వైకుంఠం ఇరవై దగ్గర, కైలాసం ఇరవై నాలుగు, బాలనర్సింహ ఇరవై ఎనిమిది, సొట్టలు ముప్పై రెండు. ఇవే వేసుకో, నువ్వు లెక్కపెట్టుకునే బాధ లేదు.

మా ఆవిడ రాహేలు నిన్ను అడిగానని చెప్పమంది. ఒంటి మనిషివి, వేళకు తింటున్నావా అని కూడా రాయమంది.

నీ సీమోను

*

పురానాపూల్
సెప్టెంబరు 1987

సీమోనూ,

వేళకు తినడం లేదని రాహేలుకు చెప్పు. కారణం నువ్వని కూడా చెప్పు.

నీ అంకెలు నువ్వు రాసినట్టే వేశాను. ఎర్రర్ ఒక్కటీ లేదు. నాకు ఎంత గర్వం కలిగిందంటే, నేనే పోయి ముగ్గురన్నదమ్ములను వెనక గదికి పిలుచుకొచ్చాను. విమలాదేవి సామాను దగ్గర బిందె అని కొట్టింది. మనిషి పేరు దగ్గరికి వచ్చేసరికి, "మొదటిది మీరే కొట్టుండ్రి సారూ" అన్నది. పెద్దవాడినని మర్యాద ఇస్తోంది కాబోలనుకుని వైకుంఠం అని కొట్టాను. సరైన అంకె వచ్చింది. తర్వాత ఆమె కైలాసం అని కొట్టింది. బాలనర్సింహ వంతు వచ్చింది. బాలనర్సింహ అని కొట్టింది. పదహారు వేల చిల్లర బిందెలు వచ్చాయి.

గోదాములో అన్ని బిందెలు పెడితే గోడలు ఉస్మాన్‌గంజ్ దాకా జరగాలి.

"అన్నా, నాయి గిన్ని బిందెలున్నయని ఎన్నడు చెప్పకపోతివి" అన్నాడు చిన్నవాడు నవ్వుతూ. నడిపివాడు నవ్వలేదు. "మరి నా సగం బిందెలు యాడికి పోయినయ్? పెద్దన్నయి మాత్రం సక్కగనే ఉన్నయ్. మిషన్ గూడ పెద్దోళ్ల దిక్కే మాట్లాడుతది. దాని ముంగట కూసునేది ఎవలు మరి, వదిననే గద."

విమలాదేవి తల ఎత్తలేదు. సేఠ్ "ఏందిరా ఆ మాట" అన్నాడు కానీ గట్టిగా అనలేదు. ఆయనకూ లోపల ఏదో మెదిలినట్టుంది, మొహం అట్లా ఉంది.

మన సెక్షన్ శివయ్య గుర్తున్నాడా? కార్డుల దొంతర కింద పడేసుకుని, అన్నీ ఏరి, దులిపి, "ఒక్కటి గూడ పోలేదు సార్" అని ఆఫీసర్ టేబుల్ మీద పెట్టాడు. పోలేదు నిజమే, పోయింది వరుస. ఆ నెల స్వీపర్‌కు ఫోర్‌మన్ జీతం ముద్రపడింది. స్వీపర్ ఆఫీసర్ దగ్గరికి వచ్చి, దేవుడు ఉన్నాడు సార్ అన్నాడట. ఇప్పుడు నా పరిస్థితి శివయ్యది. అంకెలన్నీ ఉన్నాయి, ఎవరివి వాళ్ళ దగ్గర లేవు.

ఆ పదహారు వేలు ఎక్కడివో నేను పట్టుకున్నాను. బిందె తర్వాతి సామాను గంగాళం. గంగాళం మాటలోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలను మిషన్ అంకెగా చదివి చిన్నవాడికి రాసిచ్చింది. అంటే నీ పోస్టుమాన్ వీధి దాటి పక్క వీధిలో పడ్డాడు. ఎందుకు పడ్డాడో చెప్పు. కైలాసం కోఠి మనిషితో మాట్లాడి వచ్చాడని విన్నాను.

గుండయ్య

*

బెంగళూరు
సెప్టెంబరు 1987

గుండయ్యన్నా,

తప్పు నాది. మా ఆఫీసు మిషన్‌లో ఒక అంకెకు నాలుగు గడులు పడతాయి. మీ చిన్న మిషన్‌లో రెండే. మా వీధిలో ఇళ్ళు వెడల్పు, మీ వీధిలో ఇరుకు. ఇక్కడ అడుగులు కొలిచి అక్కడికి పోస్టు చేశాను. అది తట్టకపోవడానికి నా దగ్గర సాకు లేదు.

పట్టికలో అంకెలు చేత్తో రాయకు, నావి కానీ నీవి కానీ. దూరాన్ని మీ మిషన్ చేతనే కొలిపించు. గిన్నె చిరునామాలో నుంచి పెట్టె చిరునామా తీసివేయమని రాస్తే చాలు, మిగిలేదే దూరం. ఏ మిషన్ మీద కంపైల్ చేస్తే ఆ మిషన్ దూరమే వస్తుంది.

ఈసారి ముందు నువ్వొక్కడివే చూసుకుని, తర్వాత వాళ్ళను పిలువు.

సీమోను

*

పురానాపూల్
అక్టోబరు 1987

సీమోనూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. పట్టిక కుదిరింది. నేనొక్కణ్ణే కూర్చుని అన్ని పేర్లూ కొట్టి చూశాను, ఒక్క బిందె అటూ ఇటూ కాలేదు. దసరాకు మిషన్‌కు పసుపు, కుంకుమ పెట్టారు. కీబోర్డు సందుల్లో పడిన కుంకుమ ఊదడానికి నాకు ఒక పూట పట్టింది. ఇదంతా సంతోషంగా రాస్తున్నానని అనుకోకు.

నిన్న అన్నదమ్ములు మళ్ళీ వచ్చారు. విమలాదేవి కూర్చుంది. కైలాసం తన వంతు అడిగాడు. ఆమె కొట్టింది, వచ్చింది. గోదాములో ఎంచి చూసిన అంకెతో సరిపోయింది. బాలనర్సింహ అడిగాడు, వచ్చింది. సొట్టలు అడిగారు, వచ్చాయి. నేను లోపల పొంగిపోతున్నాను. అప్పుడు సేఠ్, "ఇగ నాయి చూపియ్యు" అన్నాడు.

ఆమె బిందె అని కొట్టింది. మనిషి పేరు దగ్గర ఆగింది. చేతులు ఒడిలో పెట్టుకుంది. తెర మీద గీత మిణుకుమిణుకుమంటోంది, ఆమె మాత్రం కదలదు. నా వైపు చూసింది. నేను నీ మీద అనుమానంతో వైర్లు చూస్తున్నాను.

"ఏం వదినా, మిషన్ పండుకున్నదా, నువ్వు పండుకున్నవా?" అన్నాడు కైలాసం.

నేను ఆగలేకపోయాను. చెయ్యి చాపి నేనే వైకుంఠం అని కొట్టాను. అంకె వెంటనే వచ్చింది. సాయం చేశాననుకున్నాను. కైలాసం చేతులు దులుపుకుని లేచాడు. "మిషన్ మంచిదే అన్నా. మనిషే పనికొస్తలేదు. దీపావళి కాంచి కోఠి పోరన్ని రమ్మంట." సేఠ్ తల ఊపాడు. అందరూ పోయాక ఆమె మిషన్ మీద గుడ్డ కప్పి, మెట్లెక్కి పోయింది.

ఇంత చిన్న విషయానికి ఎందుకు బెదిరిందో నాకు అర్థం కాదు. మిగతావన్నీ టకటకా కొట్టిన మనిషి. మెట్ల దగ్గర నిలబడి అడిగాను. "ఇడిసిపెట్టుండ్రి సారూ, నాతోని కాదు" అన్నది. నాకు కోపం వచ్చింది. నీ పట్టికా, నా కంటిచూపూ, ఇన్ని నెలల కష్టమూ ఒక్క పేరు దగ్గర మట్టిలో కలిశాయి. పట్టికలో ఇంకా ఏమైనా లోపం ఉందా? ఉంటే దీపావళి లోపల రాయి. లేకపోతే కూడా రాయి.

గుండయ్య

*

బెంగళూరు
అక్టోబరు 1987

గుండయ్యన్నా,

పట్టికలో లోపం లేదు. నీ ఉత్తరం పెద్దగా చదువుతుంటే రాహేలు వంటింట్లోంచి వచ్చి కాగితం లాక్కుంది. మిగతాది ఆమే రాస్తుందట.

గుండయ్యన్నా, దండాలు. ఈయన మీ ఉత్తరం సదివి తలకాయ గోక్కుంటున్నడు. ఆమె తన మొగని పేరు ఎట్ల కొడుతదనుకున్నరు? నోటితోని అననిది వేలితోని అంటదా? రేషన్ దుకాణంల నన్ను ఇంటాయన పేరేంది అని అడిగితే ఎనుక నిలవడ్డామె అందుకొని చెప్పేది. మేము చర్చికి పోయేటోళ్లమే, అయినా మా అమ్మ నేర్పింది గదే. ఇన్ని నెలల సంది ఇద్దరు మొగోళ్లు మిషన్‌కు పేర్లు నేర్పవడితిరి, ఎదురుంగ కూసున్న మనిషిని అడగకపోతిరి. మీరంటే పెండ్లి చేసుకోలే, మీకు తెల్వదు. ఈయనకేమైంది? నేను ఆ పేరు అనంగ ఎన్నడన్న ఇన్నడా, అడుగుండ్రి. కోపానికి వచ్చినందుకు పోయి ఆమెతోని మంచిగ మాట్లాడుండ్రి.

కాగితం మళ్ళీ నా చేతికొచ్చింది. అడగనక్కర్లేదన్నా, నేను వినలేదు. వినలేదని కూడా ఇవాళే గమనించాను.

మన వైపు పని చిన్నదే. గిన్నెకు కంపైలర్ దగ్గర ఒకటే పేరు ఉంటుంది. పట్టికలో ఎన్నైనా పెట్టుకోవచ్చు. వైకుంఠం వరుస కింద ఇంకో వరుస వెయ్యి, దూరం అదే, పేరు వేరే. ఏ పేరో ఆమెనే అడుగు.

సీమోను

*

పురానాపూల్
నవంబరు 1987

తమ్ముడు సీమోనుకు, రాహేలమ్మకు,

ఉత్తరం అందిన మధ్యాహ్నమే బేగంబజార్ పోయాను. ఆమెను కిందికి పిలిపించి, రాహేలమ్మ రాసినదంతా చెప్పాను. తల వంచుకుని నవ్వింది. "మీకు ఎరికే అనుకున్న సారూ. ఎరుకయ్యే మొదటిసారి మీరు కొట్టిన్రనుకున్న."

"కొట్టడం అంటే అనడం కాదు కదమ్మా" అన్నాను.

"రాసుడు గూడ అనుడే గద."

ఇంకో వరుస వేస్తాను, పేరు చెప్పమన్నాను. చెప్పదు. మొదటి అక్షరం ఒక్కటే పెడదామన్నాను. "ఆ అక్షరం గూడ ఆయనదే గద" అన్నది. ఆయన అని పెడదామా అంటే, "తెర మీద పడుతది, మరుదులు చూసి నవ్వుతరు" అన్నది. సేఠ్ అందామంటే బజారులో అందరూ సేఠ్‌లే అన్నది. పెద్దన్న అందామంటే, నాకు అన్న ఎట్లయితడు సారూ అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా సంచిలో ఉన్న పేర్లు అయిపోయాయి. విసుగొచ్చి, మరి ఏం పెట్టమంటావమ్మా అన్నాను.

"ఏం పెట్టకుంటే రాదా?" అన్నది.

ఏమీ పెట్టకపోవడం. ఆ మాట నాకు ఎక్కడానికి కొంత సమయం పట్టింది. పట్టికలో వరుస వేశాను. పేరు చోట రెండు కొటేషన్ గుర్తులు పెట్టి మధ్యలో ఏమీ రాయలేదు. పక్కన వైకుంఠం దూరం. ఆమె ఎంటర్ ఒక్కటే నొక్కింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది. మిషన్ గోడకు కొట్టిన మేకులా ఊరుకుంది. ఇంకా ఏదో ఇస్తారని ఎదురుచూస్తోంది. మాట చదవడానికి నేను వాడిన పద్ధతికి, ఒక్క అక్షరమైనా పడేదాకా లేవని గుణం ఉందట. కోఠివాడు ఎల్లుండి వస్తాడనగా ఈ సంగతి బయటపడింది. పుస్తకం మొదటి నుంచి మళ్ళీ చదివి, మొత్తం లైను ఒకేసారి తీసుకునే పద్ధతి పట్టుకున్నాను. దానికి ఖాళీ లైనన్నా లైనే. ఇది నాకు నచ్చింది. మర్యాద తెలిసిన పద్ధతి.

దీపావళి ముందు సేఠ్‌ను అడిగి ముగ్గురినీ ఇంకొక్కసారి కూర్చోబెట్టాను. కైలాసం గడప మీదే నిలబడ్డాడు, లోపలికి రానన్నట్టు. సేఠ్ తన వంతు అడిగాడు. ఆమె బిందె అని కొట్టింది. తర్వాత ఎంటర్ నొక్కింది. అంకె వచ్చింది. గంగాళం అన్నాడు, అదీ వచ్చింది. ఇంకా అడిగాడు. వచ్చాయి.

కైలాసం లోపలికి వచ్చి తెర మీదికి వంగాడు. "పేరు యాడ కొట్టినవ్ వదినా?"

"ఏం కొట్టలే."

"మరెట్ల ఎరుకయింది దానికి?"

సేఠ్ తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, తర్వాత పైన తిరిగే ఫ్యాన్ వైపు చాలాసేపు చూశాడు. పెళ్ళయిన మనిషి, నాకంటే తొందరగా అర్థమైంది. "కోఠి పోరన్ని రావద్దని చెప్పు" అన్నాడు తమ్ముడితో. కైలాసం, ఉత్తగ ఎంటర్ కొట్టుడుకు ఆపరేటర్ ఎందుకులే అని గొణుక్కుంటూ ముందు దుకాణంలోకి పోయాడు. ఓడినవాడికి ఆ మాత్రం గొణుగుడు ఉండాలి.

రాహేలమ్మా, ఆమెతో మంచిగా మాట్లాడాను. నేను కోపగించుకున్నందుకు ఆమె నాకు రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది, అది శిక్షో మన్ననో తెలియలేదు.

నిన్న కైలాసం భార్య నాగమణమ్మ కూడా మెట్లు దిగి వచ్చింది. తానూ నేర్చుకుంటానన్నది. మిషన్ ముందు కూర్చుని బిందె అని కొట్టి, ఎంటర్ నొక్కింది. ఆమె బావగారి బిందెలు వచ్చాయి. ఇవి మావి కావన్నది. ఖాళీ పేరు ఒకటే ఉంటుందని, అది అప్పటికే వేరేవాళ్ళదయిందని చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేవలేదు. పట్టికలో ఇంకో వరుస కలిపాను. కొటేషన్ గుర్తుల మధ్య ఒక స్పేసు పెట్టి, పక్కన కైలాసం దూరం వేశాను. మళ్ళీ కంపైల్ చేశాను. ఎర్రర్లు లేవు.

గుండయ్య